బండి వచ్చింది, రోడ్డు ఎప్పుడొస్తుంది?

పల్నాడులో బండి నేర్చుకోని కుర్రాడు ఉండడు. పదో తరగతి సెలవుల్లో హైస్కూలు గ్రౌండులో, బావగారి మోటారు సైకిల్ మీద మొదలవుతుంది. క్లచ్ వదిలే ఒడుపు ఒక పూటలో దొరుకుతుంది, మర్నాటికి గేర్లు అలవాటవుతాయి, ఆ వారంలోనే పాలకేంద్రానికి వెళ్లి రమ్మని ఇంట్లోవాళ్లే తాళం చేతికిస్తారు. ట్రాక్టరు సంగతి ఇంకా తేలిక. నాన్న పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని తిరిగినవాడికి వేరే బడి ఎందుకని అందరి నమ్మకం. కొన్నేళ్లకు లైసెన్సు అవసరమొస్తే, బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె తిప్పి చూపిస్తే సరిపోతుంది. అంతటితో చదువు ముగిసింది. ఆ తర్వాత నలభై ఏళ్లు బండి తోలినా డ్రైవింగు గురించి మనకెవరూ ఒక్క ముక్క చెప్పరు, మనమూ అడగం. ‘నీకు డ్రైవింగ్ రాదురా’ అంటే పడే మగాడు మన వైపు ఇంకా పుట్టలేదు.

ఈ అధ్యాయంలో నేను అనబోయేది సరిగ్గా ఆ మాటే. మనలో చాలామందికి బండి వచ్చు, రోడ్డు రాదు. క్లచ్, బ్రేకు, గేరు, హ్యాండిలు చేతికీ కాలికీ సంబంధించిన విద్య, వారంలో వస్తుంది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉంది, ముందున్న ఆటో ఎక్కడ ఠక్కున ఆగుతుంది, కాలువ కట్ట అంచు ఈ బరువు మోస్తుందా, ఈ క్షణంలో నేను నిద్రమత్తులో ఉన్నానా అనేవి కంటికీ బుర్రకీ సంబంధించినవి. వీటికి ఏళ్లు పడతాయి. పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేకపోతే కొందరికి ఎప్పటికీ రావు.

ఈ మధ్య మన జిల్లాలో జరిగిన నాలుగు ప్రమాదాలు గుర్తు చేసుకోండి. 2022 మే 29 రాత్రి, శ్రీశైలం వెళ్లి తిరిగొస్తున్న టాటా ఏస్ రెంటచింతలలో ఆగివున్న లారీని గుద్దింది. అందులో ముప్పై మందికి పైగా ఉన్నారు. వాళ్లది ఆ ఊరే. సొంత ఊళ్లోకి వచ్చాక కనీసం ఆరు ప్రాణాలు పోయాయి. 2023 మే 17 ఉదయం, నల్గొండ జిల్లా దామరచర్ల వైపు నుంచి గురజాల మండలానికి కూలికి వస్తున్న ఆటో, దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర లారీ దెబ్బకు నుజ్జయింది. ఆటోలో ఇరవై మందికి పైగా ఉన్నారు. ఐదుగురు ఆడవాళ్లు అక్కడికక్కడే పోయారు. 2024 మే 14 అర్ధరాత్రి, ఓట్లేసి హైదరాబాద్ తిరిగి వెళ్తున్నవాళ్ల బస్సు చిలకలూరిపేట మండలంలో టిప్పరుతో ఢీకొని తగలబడింది. ఆరుగురు చనిపోయారు. 2025 ఫిబ్రవరి 9 సాయంత్రం, ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర మిరపకోత ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువ కట్ట మీద బోల్తా పడి నలుగురు మహిళలు చనిపోయారు.

ఎవరి తప్పు ఎంతో తేల్చడం పోలీసుల పని, కోర్టుల పని. నేను అడిగేది వేరు. ఈ నాలుగింటి వెనక ఉన్న సంగతులు చూడండి: చీకట్లో ఆగివున్న బండి, ముగ్గురి ఆటోలో ఇరవై మంది, అర్ధరాత్రి ప్రయాణం, కట్ట మీద జనంతో నిండిన ట్రక్కు. మనం ఎనిమిది తిప్పి చూపించిన రోజున వీటిలో ఒక్కటైనా పరీక్షలో ఉందా?

చేతి నైపుణ్యం పెంచితే చాలనుకునేవాళ్లకు నార్వే అనుభవం చెప్పాలి. అక్కడ చలికాలం రోడ్లు మంచుతో జారతాయి. కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద బండిని అదుపు చేయడం తప్పనిసరిగా నేర్పించారు. 1988లో వచ్చిన అధ్యయనంలో తేలిందేమంటే, ఆ శిక్షణ పొందిన కుర్రాళ్లలో జారుడు రోడ్డు ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. ‘నాకు వచ్చు’ అన్న ధీమాతో వాళ్లు వేగం పెంచారు. మన ఊళ్లో చేతులు వదిలేసి బండి తోలే కుర్రాడిని చూస్తే నాకు ఆ అధ్యయనమే గుర్తొస్తుంది. వాడికి బండి మనకంటే బాగా వచ్చు. భయపడాల్సిందీ అందుకే.

ఎంత దూరంలో ఆగుతారు?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఏదో అడ్డం వచ్చిందని కంటికి ఆని, కాలు బ్రేకు మీద పడేసరికి ఎంత చురుకైనవాడికైనా సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 22 మీటర్లు ఖర్చయిపోయాయి. పొడి రోడ్డు, మంచి టైర్లు, సరైన బ్రేకులు ఉంటే అక్కణ్ణించి ఇంకో 35 మీటర్లకు ఆగుతుంది. మొత్తం 57. అదే 40 వేగంలో అయితే అంతా కలిపి 20 మీటర్లే. వేగం రెట్టింపు చేసినవాడు ఆగే దూరాన్ని మూడింతలు చేసుకున్నాడన్న మాట. బ్రేకు పడ్డాక జారే దూరం ఒక్కటే చూస్తే నాలుగింతలు. వాన పడ్డ రోడ్డు, అరిగిన టైరు, వెనక ట్రిపుల్స్ ఉంటే ఈ లెక్క ఇంకా చెడుతుంది.

ఇంత లెక్క రోడ్డు మీద ఎవరు వేస్తారు? అక్కర్లేదు. ముందు వెళ్తున్న బండి ఏదైనా మైలురాయినో కరెంటు స్తంభాన్నో దాటగానే, మనసులో తాపీగా ‘నరసరావుపేట, నరసరావుపేట’ అనుకోండి. రెండోసారి పూర్తయ్యాకే మీరు ఆ స్తంభం దగ్గరకు చేరాలి. రెండు సెకన్ల ఎడం అయినట్టు. రాత్రిపూట, వానలో, వెనక బరువు ఉన్నప్పుడు మూడుసార్లు అనుకోండి. నోరు తిరగకముందే స్తంభం వచ్చేసిందంటే మీరు ముందు బండికి అతుక్కుని పోతున్నారు, యాక్సిలేటరు మీద నుంచి కాలు తీయండి. ‘అంత ఎడం వదిలితే మధ్యలో ఇంకొకడు దూరతాడండీ’ అంటారు. దూరనివ్వండి. మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. దారిలో పదిమంది అలా దూరినా మీకు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కాదు.

ఆగివున్న లారీ

నార్కెట్‌పల్లి నుంచి వచ్చే అద్దంకి రోడ్డు దాచేపల్లి, పిడుగురాళ్ల మీదుగా మన జిల్లాను నిలువునా కోస్తూ పోతుంది. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంటు, గుంటూరు యార్డుకు వెళ్లే మిర్చి టిక్కీలు, రాత్రింబవళ్లు లారీలే. లారీ అన్నాక పంక్చరవుతుంది, యాక్సిల్ విరుగుతుంది, డ్రైవరుకు టీ కావాలనిపిస్తుంది. అది రోడ్డు మీద సగం, మార్జిన్‌లో సగం నిలబడుతుంది. వెనక లైట్ల మీద దుమ్ము.

డిమ్ లైటులో మీకు స్పష్టంగా కనిపించేది 40, 50 మీటర్లు. పైన లెక్క ప్రకారం 80 వేగంలో ఆగడానికి 57 మీటర్లు కావాలి. అంటే రాత్రిపూట 80లో పోయేవాడు తన కంటికి ఇంకా కనపడని చోట ఆగుతాడు. ఆ చోట లారీ ఉంటే లారీలోనే ఆగుతాడు. ఎదుటి బండి ఫుల్ లైటు కంట్లో కొట్టినప్పుడు ఇంకా ఘోరం, రెండు మూడు సెకన్లు కళ్లు బైర్లు కమ్ముతాయి. అప్పుడు చూపును ఎదుటి లైటు మీద పెట్టకుండా రోడ్డు ఎడమ అంచున ఉండే తెల్లగీత మీద పెట్టండి, వేగం తగ్గించండి. వాడు డిప్పర్ కొట్టలేదని మీరూ ఫుల్ లైటు పెట్టి కక్ష తీర్చుకోకండి. ఇద్దరు గుడ్డివాళ్లు ఎదురెదురుగా రావడం వల్ల ఎవరికీ లాభం లేదు.

లారీ, ట్రాక్టరు ఉన్నవాళ్లకు ఒక మాట. బండి ఆగిపోతే మనవాళ్లు వెనక రాళ్లు పేర్చి, చెట్టుకొమ్మ విరిచి పడేస్తారు. రిపేరు కాగానే బండి తీసుకుని వెళ్లిపోతారు. రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. తెల్లారి స్కూటీ మీద వచ్చే ఆడపిల్లకు ఆ రాయి తగులుతుంది. ఎర్రటి త్రికోణం బోర్డు కొనడం ఎంత ఖర్చు? దాన్ని బండికి ఆనించకుండా కనీసం యాభై మీటర్లు వెనక్కి నడిచి పెట్టాలి, పార్కింగు లైట్లు వేసి ఉంచాలి. ట్రాక్టరు ట్రక్కులకు చాలావాటికి వెనక లైటే ఉండదు. మెరిసే ఎర్ర టేపు వెనక తలుపుకు ఈ చివర నుంచి ఆ చివరకు అంటించడం గంట పని. ఇది చదివాక మీరు చేసే మొదటి పని అదే కావాలని నా కోరిక.

రోడ్డు మీద పంట ఆరబోసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. 2014 ఏప్రిల్‌లో ఎన్నికల ప్రచారం ముగించుకుని వెళ్తున్న శోభా నాగిరెడ్డి కారు, ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు మీద పోసిన వడ్లను తప్పించబోయి పల్టీలు కొట్టింది. ఆమె ప్రాణం పోయింది. కల్లం లేని రైతు ఇబ్బంది నాకు తెలుసు. అయినా చీకటి పడ్డాక కుప్ప మీద నల్లపట్టా కప్పి, చుట్టూ బండరాళ్లు పెట్టి ఇంటికి పోవడాన్ని సమర్థించలేను.

సైడు ఇస్తే చిన్నతనమా?

కోడిపందెంతో రాజుకున్న పౌరుషం కారంపూడి రణరంగం దాకా వెళ్లిన గడ్డ ఇది. ఆ రోషం మన హ్యాండిలు మీదికీ దిగింది. వెనక నుంచి ఒకడు హారన్ కొట్టి దాటిపోయాడంటే మనకది పేరు పెట్టి తిట్టినట్టు ఉంటుంది. ముఖ్యంగా వాడు మనకు తెలిసినవాడైతే, ఇంకా ముఖ్యంగా వాడి బండి మన బండికంటే చిన్నదైతే. వెంటనే గేరు మారుతుంది.

ఓవర్‌టేకు చేయడానికి ఎంత ఖాళీ రోడ్డు కావాలో ఎప్పుడైనా ఆలోచించారా? 60లో వెళ్తున్న లారీని మీరు 80లో దాటుతున్నారు. మీ ఇద్దరి మధ్య తేడా సెకనుకు ఐదారు మీటర్లే. లారీ పొడవు, దానికి ముందూ వెనకా వదలాల్సిన ఎడం కలిపి యాభై మీటర్లు గెలవాలంటే తొమ్మిది సెకన్లు పడుతుంది. ఆ తొమ్మిది సెకన్లలో మీరు 200 మీటర్లు ముందుకు పోతారు. ఎదురుగా అదే వేగంతో వచ్చేవాడు ఇంకో 200 మీటర్లు మీ వైపు వస్తాడు. అంటే డివైడరు లేని రోడ్డు మీద 400 మీటర్లు కంటికి ఖాళీగా కనిపిస్తే తప్ప లారీని దాటే హక్కు మీకు లేదు. మలుపులో, వంతెన మీద, ఎత్తు ఎక్కేచోట అంత దూరం కనిపించదు. అక్కడ లారీ వాడు చెయ్యి ఊపి రమ్మన్నా వెళ్లకండి. వాడి అంచనా తప్పితే పోయేది మీ ప్రాణం.

ఇంతా చేసి మిగిలేదేమిటి? 80 కిలోమీటర్ల ప్రయాణాన్ని 60 వేగంతో వెళ్తే గంటా ఇరవై నిమిషాలు, 80తో వెళ్తే గంట. అదీ దారి పొడవునా ఒక్క ఊరు, ఒక్క స్పీడ్ బ్రేకరు, ఒక్క గొర్రెల మంద అడ్డం రాకపోతే. మన రోడ్ల మీద మిగిలేది పది నిమిషాలకు మించదు. ఆ పది నిమిషాలూ మాచర్ల సెంటర్లో టీ తాగడానికి పోతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాల దగ్గర కేంద్ర రవాణా శాఖ రాసిన కారణం అతివేగం.

రోషాన్ని చంపుకోమని నేను చెప్పను, అది జరిగే పని కాదు. దాన్ని వేరే చోట పెట్టమంటాను. నేను కూర్చున్న బండిలో ఒక్కసారి కూడా బ్రేకు గట్టిగా పడకూడదు అని పంతం పట్టండి. బ్రేకు గట్టిగా కొట్టాల్సి వచ్చిందంటే రోడ్డును ముందుగా చదవలేకపోయారని అర్థం. ఈ పందెం గెలవడం ఓవర్‌టేకు కంటే చాలా కష్టం. నెల రోజులు ప్రయత్నించి చూడండి.

ఇరవై మంది, ఒక ఆటో

మిరపకోతలు ఫిబ్రవరి, మార్చిలో ముమ్మరంగా ఉంటాయి. తెల్లారకముందే ఆటోలు, ట్రాలీలు, ట్రాక్టర్లు ముఠాలను ఎక్కించుకుని బయల్దేరతాయి. ఈ ప్రయాణంలో డ్రైవరును ఒక్కడినే తిట్టి లాభం లేదు. బేరం ఎలా కుదురుతోందో చూడండి. ఆటో కిరాయి ట్రిప్పుకు ఇంత అనో తలకు ఇంత అనో మాట్లాడుకుంటారు. రైతుకు రెండో ట్రిప్పు దండగ, డ్రైవరుకు తలకు ఇంత వచ్చినా కిక్కిరిస్తేనే గిట్టుబాటు, మేస్త్రికి అందరూ ఒకేసారి చేలో దిగాలి. ముగ్గురికీ సరిపోయిన బేరంలో కూలి మనిషికి దొరికేది ఆటో వెనక వేలాడే చోటు.

అంతమంది ఎక్కితే ఆటోకు ఏమవుతుందో డ్రైవరుకు తెలిసి ఉండాలి. వెనక జనం వేలాడితే ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిలు తిప్పినా బండి వెంటనే తిరగదు. డ్రైవరు సీటుకు రెండు పక్కలా మనుషులు కూర్చుంటే హ్యాండిలు పూర్తిగా తిరిగే జాగానే ఉండదు. ముగ్గురు నలుగురి కోసం చేసిన బ్రేకు ఇరవై మందిని ఆపదు. ట్రాక్టరుది ఇంకో రకం ప్రమాదం. చాలా ట్రక్కులకు సొంత బ్రేకు ఉండదు, ఇంజను ఒక్కటే ఆగుతుంది. పల్లంలో గానీ మలుపులో గానీ బ్రేకు గట్టిగా తొక్కితే వెనక ట్రక్కు ఇంజనును పక్కకు నెట్టేస్తుంది. నిలబడిన జనంతో ట్రక్కు బరువు పైకి పోతుంది. కాలువ కట్ట అంచు కాస్త కుంగితే చాలు, ఆపడం ఎవరి వల్లా కాదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది చివర్లో కోర్టులోనే తెలుస్తుంది. సరుకు రవాణా బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదని 2002లో ఆశా రాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ట్రాలీ ఆటోలో ప్రమాదం జరిగితే పరిహారం భారం చివరికి బండి యజమాని పొలం మీదో ఇంటి మీదో పడవచ్చు. కూలి కుటుంబానికి ఏమీ దక్కకపోనూ వచ్చు.

కాబట్టి రైతుగారూ, మీరు కూలి రేటు మాట్లాడేటప్పుడే రెండు ట్రిప్పుల కిరాయి మాట్లాడండి. మొదటి ముఠా అరగంట ముందు దిగుతుంది, అరగంట ముందు ఇంటికి పోతుంది, అంతే తేడా. మేస్త్రీ, ఎంతమందిని ఎక్కించాలో నిర్ణయించేది మీరే, డ్రైవరు కాదు. అమ్మా, డ్రైవరు తాగి ఉన్నాడని, నిద్ర కళ్లతో ఉన్నాడని అనుమానం వస్తే దిగిపోండి. పదిమంది ఒక్కసారి దిగితే ఎవరూ ఏమీ చేయలేరు, కోత మీ చేతిలో ఉంది.

నిద్ర

తాగి నడిపేవాణ్ణి ఊరంతా తిడుతుంది. రాత్రంతా మేలుకుని నడిపినవాణ్ణి ‘భలే గట్టివాడు’ అంటుంది. రెండింటికీ తేడా తక్కువని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన దేశంలో చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. తెల్లవారి ఐదింటికి లేచి, పగలంతా పనిచేసి, రాత్రి పదికి హైదరాబాద్ నుంచి కారు తీసినవాడు చుక్క ముట్టకుండానే ఆ గీత దాటేశాడు.

సంక్రాంతికి ఊరికి వచ్చేవాళ్లూ, కోటప్పకొండ తిరునాళ్లలో జాగారం చేసి తెల్లారి బండి ఎక్కేవాళ్లూ, శ్రీశైలం ఒక్క రోజులో వెళ్లి రావాలని డ్రైవరును తొందరపెట్టేవాళ్లూ ఈ పేరా రెండుసార్లు చదవండి. కిటికీ దించడం, పాటలు పెట్టడం, ముఖం కడగడం నిద్రను పోగొట్టవు. దాటిన ఊరి పేరు గుర్తు రాకపోతే, బండి గీత మీదికి జరుగుతుంటే, ఆవలింతలు వరసగా వస్తుంటే పెట్రోలు బంకులో బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. అద్దె కారు డ్రైవరుకు గది ఇప్పించండి. మీరు సత్రంలో పడుకుని అతన్ని స్టీరింగు మీద తల పెట్టుకోమంటే ఎలా? మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది 1961లో. రోజుకు ఎనిమిది గంటల పని, ఐదు గంటలకు ఒకసారి కనీసం అరగంట విశ్రాంతి అని అప్పుడే రాశారు.

ఇక హెల్మెట్, బెల్టుల గురించి వాదించడం నాకు ఇష్టం లేదు. హెల్మెట్ మరణాన్ని 42 శాతం, తల గాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చారు. ఎండకు తల ఉడికిపోతుందంటారు, నిజమే, రెంటచింతల ఎండ మామూలుది కాదు. లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకోండి. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ మీకంటే ముందు ఎగిరిపోతుంది. బెల్టు సంగతికొస్తే, 2018 ఆగస్టు 29న నందమూరి హరికృష్ణ చనిపోయింది పైన చెప్పిన ఈ అద్దంకి రోడ్డు మీదే, నల్గొండ దగ్గర అన్నెపర్తిలో. కారు తనే నడుపుతున్నారు, బెల్టు లేదని పోలీసులు చెప్పారు. అంతకంటే నేను చెప్పేదేముంది.

నేర్చుకోవడం ఎలా

ముందు పిల్లల తండ్రులకు. పద్దెనిమిది నిండని అబ్బాయి బండి తోలి ప్రమాదం చేస్తే, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది, ఆ అబ్బాయికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇంటర్ ఫస్టు క్లాసు వస్తే బండి కొనిపెడతానని మాట ఇచ్చినవాళ్లు ఆ మాట తప్పినా పాపం లేదు.

వయసు వచ్చాక మాత్రం వాయిదా వేయకండి, వాళ్లతో ఎక్కువ గంటలు నడిపించండి. స్వీడన్‌లో 1993లో ఒక మార్పు చేశారు. లైసెన్సు వయసును 18 దగ్గరే ఉంచి, పెద్దవాళ్లు పక్కన ఉంటే 16 నుంచే సాధన చేయవచ్చన్నారు. ఆ అవకాశం వాడుకున్న పిల్లలు లైసెన్సుకు ముందు సగటున 118 గంటలు నడిపారు, మిగిలినవాళ్లు నలభై చిల్లర. ఎక్కువ గంటలు నడిపినవాళ్లలో ప్రమాదాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. నార్వేలో చేతి విద్య ఇవ్వలేనిది ఇక్కడ పక్కసీటు ఇచ్చింది. మన దేశంలో 2021 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు పెట్టిన కార్ల కోర్సు 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీద. మన ఊళ్ల డ్రైవింగ్ స్కూల్లో రోజుకు అరగంట చొప్పున పదిహేను రోజులు నేర్పితే ఎన్ని గంటలో మీరే లెక్కేసుకోండి. స్కూలు వద్దని నేను అనను. స్కూలు అయిపోయాక మిగతా గంటలు ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని నింపాలి.

ఎలా నింపాలంటే, మొదటి పది గంటలు పగటిపూట, ఊరి చుట్టూ డొంక రోడ్ల మీద. తర్వాత వారం రోజులు నరసరావుపేట బజారులో, సంత రోజున, ఆవులూ తోపుడుబండ్లూ ఉన్నచోట. ఆ తర్వాతే హైవే, అదీ పగలు. రాత్రి డ్రైవింగు, వానలో డ్రైవింగు, నలుగురిని ఎక్కించుకుని డ్రైవింగు, ఒక్కొక్కటీ విడిగా నేర్చుకోవాల్సినవి. పెళ్లికి బయల్దేరిన రాత్రి మొదటిసారి ప్రయత్నించేవి కావు. పక్కన కూర్చున్నవాళ్లు అరవకూడదు. ముఖ్యంగా భార్యలకు కారు నేర్పే భర్తలకు చెబుతున్నాను, మీవల్ల కాకపోతే బయటి శిక్షకులకు వదిలేయండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

బ్రిటన్ పోలీసు డ్రైవర్లకు ఒక అలవాటు నేర్పుతారు. నడుపుతూ తనకు కనిపించేది, తను చేయబోయేది పైకి చెబుతూ పోవాలి. ‘ముందు ఆటో, ఎడమ పక్క మనిషి చెయ్యి ఎత్తాడు, ఆటో ఆగుతుంది, నేను తగ్గిస్తున్నా. బడి గేటు, నాలుగైంది, పిల్లలు వస్తారు. ఆగిన బస్సు, దాని ముందు నుంచి ఎవరో దాటతారు.’ రోజూ పది నిమిషాలు ఇలా చేస్తే కన్ను రోడ్డు మీద నిలబడుతుంది. సొంత బండి లేనివాళ్లు మాచర్ల బస్సులో ముందు సీట్లో కూర్చుని మనసులో చేయండి. పాత ఆర్టీసీ డ్రైవరు ఎక్కడ కాలు తీస్తాడో, ఊరు రాకముందే ఎంత తగ్గిస్తాడో, అద్దంలోకి ఎన్నిసార్లు చూస్తాడో గమనించండి. టిక్కెట్టు డబ్బులకు దొరికే ఇంత మంచి పాఠం ఇంకోటి లేదు.

ఇంకో పాఠం కూడా నేర్పండి: దారిలో ఎవరైనా పడి ఉంటే ఏం చేయాలి. ముందు మీ బండి పక్కకు తీసి లైట్లు వేయండి, 108కి ఫోన్ చేయండి, రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డ గట్టిగా అదిమి పట్టండి, మెడ కదపకండి, నోట్లో నీళ్లు పోయకండి. సాయం చేసినవాళ్లను సాక్ష్యం చెప్పి తీరాలని పోలీసులు బలవంతపెట్టడానికి వీల్లేదు, పేరు చెప్పడం కూడా మీ ఇష్టమే. సుప్రీంకోర్టు 2016లో ఈ రక్షణకు ముద్ర వేసింది, 2019లో అది చట్టంలోకి వచ్చింది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం కూడా ఉంది. ఆస్పత్రిలో అడగండి.

చివరిగా, ఈ నెలలో ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకోబోతున్న అబ్బాయికీ అమ్మాయికీ. ముప్పై రోజులు నిండగానే టెస్టుకు వెళ్లవచ్చని నిబంధన ఒప్పుకుంటుంది. వెళ్లి తీరాలని ఎక్కడా లేదు. ఎల్ఎల్ఆర్ గడువు ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ పూర్తిగా వాడుకోండి, లైసెన్సున్న పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి, ఒక్క వానాకాలమైనా వాళ్ల కళ్ల ముందు నడిపాక టెస్టుకు వెళ్లండి.